ఇంకొక్క టూరు... ఉన్నట్టా, లేనట్టా?

ఆ వేళ్లను ఎప్పుడైనా చూశారా? కణుపుల దగ్గర ఉబ్బిపోయి, అల్లం కొమ్ముల్లా తయారయ్యాయి. కుడిచేతికి ఓ వెండి పుర్రె ఉంగరం. ఆ చేతులు కీత్ రిచర్డ్స్‌వి. పుట్టింది 1943 డిసెంబరు 18న. 'రోలింగ్ స్టోన్స్' రాక్ బృందం 1962లో పుట్టిన దగ్గర్నుంచీ అందులో గిటారు వాయిస్తున్నాడు. అంటే, మన దగ్గర 'గుండమ్మ కథ' విడుదలైన ఏడాది నుంచన్నమాట!

ఇప్పుడు ఆ బృందం అభిమానులు పాటల గురించి ఎంత మాట్లాడుకుంటారో ఆ వేళ్ల గురించీ అంతే మాట్లాడుకుంటారు. కచేరీ వీడియోలు ఆపి ఆపి చూస్తారు. ఫలానా పాటలో ఆయన ఎన్నిచోట్ల తీగ మీటలేదు, ఎన్నిసార్లు చెయ్యి గాల్లోనే ఉండిపోయింది, ఆ ఖాళీని పక్కనున్న రానీ ఉడ్ ఎలా పూడ్చాడు... అన్నీ లెక్కలే. 'అయిపోయింది, గౌరవంగా ఆపేస్తే బాగుంటుంది' అంటాడొకాయన. 'వాయించకపోయినా ఫర్వాలేదు, వచ్చి నిలబడితే చాలు' అంటాడు ఇంకొకాయన. మూడో ఆయనకి ఇద్దరి మీదా కోపం వస్తుంది. 'నిలబడితే చాలనుకోవడానికి ఆయనేమన్నా ఉత్సవ విగ్రహమా? మొన్నటి కచేరీలో రెండో సగం ఎంత బాగా వాయించాడో విన్నారా అసలు?' అని మొదలుపెడతాడు. ఇక తెల్లవార్లూ తెగదు.

గాయకుడు మిక్ జాగర్ 1943 జులై 26న పుట్టాడు. రానీ ఉడ్ 1947 జూన్ 1న. ముగ్గురిలో పిన్నవాడు ఉడ్డే, ఆయనకీ డెబ్భై అయిదు దాటాయి. మళ్లీ ఒకసారి వీళ్లు ఊరూరా తిరుగుతారా? తిరిగితే చూడటానికి వెళ్లాలా, వద్దా? వినడానికి చిన్న ప్రశ్నలే. ఆ బృందంతోపాటే వయసు పెరిగినవాళ్లకి మాత్రం చిన్నవి కావు.

రైలు స్టేషన్లో మొదలు

1961 అక్టోబరు. లండన్ శివార్లలోని డార్ట్‌ఫోర్డ్ రైల్వేస్టేషన్. చంకలో నాలుగు రికార్డులు పెట్టుకుని రైలు కోసం చూస్తున్నాడు మిక్ జాగర్. అవి చక్ బెర్రీవి, మడ్డీ వాటర్స్‌వి... అమెరికాలో నల్లజాతివారి సంగీతం. ఇంగ్లండులో ఆ రోజుల్లో అంత తేలిగ్గా దొరికేవి కావు. చిన్నప్పుడు ఒకే బళ్లో చదువుకుని, తర్వాత ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయిన కీత్ అదే ప్లాట్‌ఫాం మీద ఉన్నాడు. మనిషిని చూసి కాదు, ఆ రికార్డుల్ని చూసి మాట కలిపాడు!

మరుసటి ఏడాది జులై 12న లండన్‌లోని మార్కీ క్లబ్‌లో తొలి కచేరీ. బృందాన్ని కూడగట్టిన బ్రయాన్ జోన్స్ 1969లో, ఇరవై ఏడేళ్లకే, ఈతకొలనులో పడి చనిపోయాడు. ఆయన స్థానంలో వచ్చిన మిక్ టేలర్ అయిదేళ్లుండి 1974 చివర్లో వెళ్లిపోయాడు. తర్వాత ఉడ్. బేస్ గిటారు వాయించే బిల్ వైమన్ 1993లో 'ఇక చాలు' అనేశాడు. ఇన్ని మార్పుల్లోనూ కదలకుండా ఉన్నవాళ్లు ముగ్గురు... జాగర్, కీత్, డ్రమ్ములు వాయించే చార్లీ వాట్స్.

ఆగిపోతారన్న మాట కూడా అంతే పాతది. 45 ఏళ్లొచ్చాక ఇంకా 'శాటిస్‌ఫాక్షన్' పాడుతూ ఉండటంకంటే చావడమే నయమని జాగర్ 1970లలో ఓ పత్రికతో అన్నాడు. ఏం చేస్తాం, కుర్రతనం! 1989లో 'స్టీల్ వీల్స్' పేరుతో టూరు బయల్దేరేనాటికి ఆయనకి నలభై ఆరు. అదే పాట పాడుతూనే ఉన్నాడు. పత్రికలవాళ్లు ఊరుకుంటారా... దాన్ని 'స్టీల్ వీల్‌ఛైర్స్' అని వెక్కిరించారు. అప్పట్నుంచి ప్రతి టూరుకీ 'ఇదే ఆఖరు' అన్న గుసగుస మామూలే. ఆ గుసగుసతోనే టిక్కెట్లు ఇంకాస్త ఎక్కువ అమ్ముడయ్యేవని గిట్టనివాళ్లు అంటారు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, 'ఇదే ఆఖరు' అని ప్రకటించి మళ్లీ మళ్లీ వచ్చిన బృందాలు చాలా ఉన్నాయిగానీ, స్టోన్స్ మాత్రం తమంతట తాము ఆ మాట ఎప్పుడూ టిక్కెట్టు మీద అచ్చేయించలేదు.

ఏ కాలపు స్టోన్స్?

అభిమానుల్లో రెండు పెద్ద వర్గాలున్నాయి. మొదటి వర్గానికి 1973 అక్టోబరు 17 తర్వాత లోకం అంతగా రుచించదు. ఆ రోజు బ్రస్సెల్స్‌లో స్టోన్స్ కచేరీ. మాదకద్రవ్యాల కేసుల వల్ల కీత్ ఫ్రాన్సులో అడుగుపెట్టే పరిస్థితి లేదు. దాంతో ఆర్‌టీఎల్ రేడియో వాళ్లు ఫ్రెంచి అభిమానుల కోసం ప్రత్యేకంగా రైలు వేయించి, పక్కదేశానికి తీసుకెళ్లారు. అప్పుడు గిటారు మీద మిక్ టేలర్ ఉన్నాడు. కీత్ లయ పట్టుకుని నిలబడితే, టేలర్ దాని మీద ఏటి పాయలా సాగిపోతూ వాయించేవాడు. ఆ కచేరీ రికార్డింగు దశాబ్దాలపాటు దొంగ క్యాసెట్లలో చేతులు మారింది. 2011లో బృందమే దాన్ని అధికారికంగా విడుదల చేసింది. 'ఇది విన్నాక ఆ తర్వాతవి ఎలా వింటారండీ?' అన్నది వీళ్ల వాదన.

రెండో వర్గం 1989 తర్వాత వచ్చినవాళ్లది. వీళ్లు చూసిన స్టోన్స్ వేరు. పెద్ద పెద్ద స్టేడియాలు, ఆకాశమంత తెరలు, బాకాలు ఊదేవాళ్లు, వంతపాట గాయకులు, కీబోర్డు మీద చక్ లీవెల్, వైమన్ జాగాలో డారిల్ జోన్స్. తప్పుల్లేని, కొలిచినట్టుండే కచేరీ. మొదటి వర్గం దీన్ని 'లాస్‌వేగాస్ తమాషా' అని తీసిపారేస్తుంది. రెండో వర్గం ఊరుకోదు. '1970లలో సగం రాత్రులు ఎవరు ఏ శృతిలో వాయిస్తున్నారో వాళ్లకే తెలిసేది కాదు. మీరు వింటున్నది ఏరి దాచుకున్న మంచి రాత్రుల రికార్డింగులు. మిగతావి వినండి ఓసారి' అని ఎదురు తిరుగుతుంది. నిజమే మరి. జ్ఞాపకానికి జల్లెడ ఉంటుంది.

ఈ రెండు వర్గాలూ ఏకమయ్యేది 2002-03 నాటి 'లిక్స్' టూరు దగ్గరే. ఒకే ఊళ్లో ఓ రాత్రి స్టేడియంలో, ఓ రాత్రి ఇండోర్ మైదానంలో, ఇంకో రాత్రి చిన్న థియేటర్లో వాయించేవాళ్లు. చిన్నచోట్ల ఎప్పుడూ వినని పాటలు బయటికొచ్చేవి. అదృష్టం ఏమిటంటే, మన దేశానికి వాళ్లు వచ్చింది ఆ టూరులోనే.

ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాన

2003 ఏప్రిల్ 4. బెంగుళూరు ప్యాలెస్ గ్రౌండ్స్. వేసవి మొదట్లో కురిసే వాన ఆ సాయంత్రం ముహూర్తం చూసుకున్నట్టు కురిసింది. అయినా జనం కదల్లేదు. మూడు రోజుల తర్వాత, ఏప్రిల్ 7న ముంబయి బ్రబోర్న్ స్టేడియంలో రెండో కచేరీ. అదే టూరులో చైనాలో జరగాల్సిన కచేరీలు మాత్రం సార్స్ జబ్బు భయంతో రద్దయ్యాయి. షాంఘైలో వాళ్లు అడుగుపెట్టడానికి 2006 దాకా పట్టింది. అప్పుడు కూడా అక్కడి ప్రభుత్వం కొన్ని పాటలు పాడొద్దని ముందే చెప్పేసింది.

ఆ రోజుల్లో హైదరాబాద్‌లోగానీ, విశాఖలోగానీ ఉన్న రాక్ సంగీత ప్రియుడికి పెద్ద విదేశీ బృందాన్ని చూడాలంటే బెంగుళూరు రైలెక్కడమే దారి. అమెరికన్ బృందమైనా, బ్రిటిష్ బృందమైనా దక్షిణాదిలో దిగేది అక్కడే. ఇప్పుడు పరిస్థితి మారింది. 2025 ఫిబ్రవరి 2న ఎడ్ షీరన్ హైదరాబాద్‌లోనే కచేరీ చేసి వెళ్లాడు. ఇరవై రెండేళ్ల తేడాలో ఎంత మార్పు! కానీ స్టోన్స్ మళ్లీ ఇటువైపు రాలేదు. ఆ వానలో తడిసినవాళ్లు మాత్రం ఇప్పుడు యాభైల్లో పడ్డారు. 'అప్పటికే కీత్‌కి అరవై దగ్గరపడ్డాయి, ముసలాళ్లయిపోయారు, ఇప్పుడు చూడకపోతే ఇంకెప్పుడు చూస్తాం అనుకుని వెళ్లాం' అన్న మాట ఆ తరం వాళ్ల దగ్గర వినిపిస్తుంది. ఆ 'ముసలాళ్లు' ఆ తర్వాత మరో ఇరవై ఏళ్లు వాయించారు!

2006 ఫిబ్రవరి 18న రియోలోని కోపకబానా సముద్రతీరంలో ఉచిత కచేరీ పెడితే పది లక్షలమందికి పైగా వచ్చారన్నది అంచనా. రెండు నెలలు దాటాక కీత్ ఫిజీ దీవుల్లో చెట్టు మీంచి పడ్డాడు. అరవై రెండేళ్ల వయసులో చెట్టెక్కడమేమిటని అడక్కండి. తలకి దెబ్బ తగిలి న్యూజిలాండ్‌లో ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. యూరప్ కచేరీలు వెనక్కి జరిగాయి. కొన్ని వారాలకే మళ్లీ వేదికెక్కాడు. 2016 మార్చి 25న హవానాలో... దశాబ్దాలపాటు రాక్ సంగీతాన్ని చిన్నచూపు చూసిన క్యూబాలో, ఉచితంగా. లక్షలమంది వచ్చారు. వాళ్లలో చాలామందికి అది జీవితంలో మొదటి పెద్ద రాక్ కచేరీ. వేళ్లు ఎలా వాయించాయన్న లెక్క ఆ రాత్రి అక్కడ ఎవరూ వేసి ఉండరు.

డ్రమ్ముల వెనక మనిషి

అభిమానుల మధ్య నిజంగా మనసు నొప్పించే వాదన ఒకటుంది. అది చార్లీ వాట్స్ గురించి.

2021 ఆగస్టు మొదట్లో ఆయనకి ఏదో శస్త్రచికిత్స జరిగిందనీ, ఆ ఏడాది అమెరికా టూరుకి రాలేడనీ ప్రకటించారు. బదులుగా స్టీవ్ జోర్డాన్ వాయిస్తాడన్నారు. ఆగస్టు 24న చార్లీ చనిపోయాడు. ఎనభై ఏళ్లు. సెప్టెంబరు 26న సెయింట్ లూయిస్‌లో టూరు మొదలైపోయింది. నెల తిరిగిందంతే. కచేరీ ఆరంభంలో వేదిక ఖాళీగా ఉంచి, ఒక్క డ్రమ్ముల దరువు వినిపిస్తూ తెర మీద చార్లీ బొమ్మలు చూపించారు.

'సగం ప్రాణం పోయాక మిగిలిన సగాన్ని బృందమనడమేంటి?' అని ఆ రోజునుంచీ కచేరీలకి వెళ్లడం మానేసినవాళ్లున్నారు. వాళ్లు ఊరికే అనడం లేదు. స్టోన్స్ సంగీతంలో ఓ విచిత్రం ఉంది. మామూలుగా ఏ బృందమైనా డ్రమ్ముల్ని అనుసరిస్తుంది. ఇక్కడ చార్లీ కీత్ గిటారుని అనుసరించేవాడు. దాంతో దరువు వెంట్రుకవాసి వెనకపడినట్టుగా, పడీ పడనట్టుగా ఉండేది. పైగా చార్లీ ఎడమచేత్తో స్నేర్ డ్రమ్ము కొట్టే క్షణంలో కుడిచేతిని హై-హ్యాట్ మీంచి పైకెత్తేవాడు. చాలామంది డ్రమ్మర్లు రెండూ కలిపి కొడతారు. ఆ చిన్న ఖాళీలోంచే ఊపు పుట్టుకొచ్చేదంటారు తెలిసినవాళ్లు. జోర్డాన్ గొప్ప వాద్యకారుడే, సందేహం లేదు. 1980ల చివర్లో కీత్ సొంతంగా పెట్టుకున్న బృందంలో వాయించాడు కూడా. కానీ ఆయన దరువు గట్టిది, నేరుగా పడేది. 'ఆ ఊపు వేరు' అంటారు పాతవాళ్లు.

'జోర్డాన్‌ని తీసుకోమంది చార్లీయే కదా' అంటారు అవతలివాళ్లు. అదీ నిజమే. తను లేకపోయినా బండి ఆగకూడదని చార్లీయే అన్నప్పుడు మధ్యలో మనకెందుకు? పైగా జోర్డాన్ వచ్చాక పాటల వేగం పెరిగింది, కీత్ కూడా కాస్త నిటారుగా నిలబడుతున్నాడని వీళ్ల లెక్క. ఇద్దరి మాటలోనూ పస ఉంది. ఇంట్లో పెద్దాయన పోయాక పండగ చేయాలా వద్దా అని అన్నదమ్ములు తర్జనభర్జన పడటం ఎరిగినవాళ్లకి ఈ గొడవ అర్థమవుతుంది.

పాటల పట్టీ పంచాయితీ

టూరు మొదలైందంటే మొదటి రాత్రికి ఇళ్లలో ఉన్న అభిమానులు కూడా మేలుకుని ఉంటారు. ఏ పాట తర్వాత ఏ పాట వచ్చిందో ఎక్కడెక్కడివాళ్లకీ తెలిసిపోవాలి. పద్దెనిమిది, పంతొమ్మిది పాటలు. దాదాపు రెండు గంటలు. వాటిలో పన్నెండో, పదమూడో ఎప్పుడూ మారనివే... 'జంపింగ్ జాక్ ఫ్లాష్', 'పెయింట్ ఇట్ బ్లాక్', 'గిమ్మీ షెల్టర్', 'హాంకీ టాంక్ విమెన్' వగైరా. ముదిరిన అభిమానికి ఇవంటే విసుగు. ఇరవయ్యోసారి చూస్తున్నాడు మరి! ఆయన కోరేది మూలన పడి ఉన్న పాత పాటలు. 1966లో రికార్డు చేసిన 'ఔట్ ఆఫ్ టైమ్'ని తొలిసారి వేదిక మీద పాడింది ఎప్పుడో తెలుసా? 2022 జూన్ 1న, మాడ్రిడ్‌లో. యాభై ఆరేళ్ల తర్వాత! ఆ వార్త విని కళ్లనీళ్లు పెట్టుకున్న అభిమానులూ ఉన్నారు.

కానీ స్టేడియంలో యాభైవేలమంది ఉంటే వాళ్లలో అలాంటి ముదుర్లు ఎంతమంది? మిగతావాళ్లు మనవడినో, కోడలినో వెంటబెట్టుకుని వచ్చినవాళ్లు. వాళ్లకి 'శాటిస్‌ఫాక్షన్' లేకపోతే కచేరీ చూసినట్టే కాదు. మన పద్యనాటకాల్లో జనం 'వన్స్‌మోర్' అని కేకలేసి మళ్లీ అదే పద్యం పాడించుకునేవాళ్లు గుర్తుందా? కృష్ణుడు రాయబారానికి వచ్చాడంటే తెలిసిన పద్యాలే కావాలి. కొత్త పద్యం ఎవరికి కావాలి?

జాగర్‌కి ఈ లెక్క బాగా తెలుసు. అందుకే ఒక పాటని జనం ఓట్లతో ఎంపిక చేసే పద్ధతి 1997 టూరునుంచీ అప్పుడప్పుడూ పెడుతూ వచ్చారు. మధ్యలో ఆయన లోపలికి వెళ్లి ఊపిరి పీల్చుకుంటాడు, కీత్ రెండు మూడు పాటలు పాడతాడు. ఒకప్పుడు ఆ సమయంలో జనం తినుబండారాల కోసం లేచేవాళ్లు. ఇప్పుడు కదలడం లేదు. వయసుతోపాటు కీత్ గొంతు బాగుపడిందని చెప్పేవాళ్లూ ఉన్నారు. ఇక 2021లో 'బ్రౌన్ షుగర్' పాటని పక్కన పెట్టేశారు. బానిసల వ్యాపారం ప్రస్తావన, అందులోని మాటల తీరు ఈ కాలానికి ఎబ్బెట్టుగా ఉండటమే కారణం. 'అది బానిసత్వపు ఘోరం గురించిన పాట, అది అర్థంకాలేదా వీళ్లకి' అని కీత్ కాస్త చిరాకుపడ్డాడు. యాభై ఏళ్లపాటు దాదాపు ప్రతి టూరులో వాయించిన పాట అది. దాని మీద అభిమానుల వాదులాట ఇంకా ఓ కొలిక్కి రాలేదు.

అయిదు తీగల రహస్యం

మళ్లీ వేళ్ల దగ్గరికి వద్దాం. కీళ్లవాతం ఉన్నమాట కీత్ దాచిపెట్టలేదు. 2023లో బీబీసీతో మాట్లాడుతూ, నొప్పి పెద్దగా లేదనీ, కాకపోతే వాయించే తీరు మార్చుకోవాల్సి వస్తోందనీ, ఆ మార్పులోంచి కొత్త దారి ఏదైనా దొరుకుతుందేమో చూస్తున్నాననీ అన్నాడు. 'అంటే ఏం లేదు, వేళ్లు తిరగడం లేదని పెద్దమనిషి తరహాగా చెప్పాడు' అని పెదవి విరిచినవాళ్లున్నారు. గిటారు తెలిసినవాళ్లు మాత్రం ఇంకో సంగతి చెబుతారు.

1960ల చివర్లోనే కీత్ ఓ పద్ధతి పట్టుకున్నాడు. గిటారుకి ఉండే ఆరు తీగల్లో లావుపాటి ఆరో తీగని తీసేసి, మిగతా అయిదింటినీ 'ఓపెన్ జి' అనే శృతిలో బిగిస్తాడు. మామూలు గిటారులో ఒక స్వరమేళం పలకాలంటే మూడు నాలుగు వేళ్లు వేర్వేరు మెట్ల మీద వంచి నొక్కాలి. ఈ శృతిలో అయితే ఏమీ నొక్కకుండా మీటినా ఒక స్వరమేళం నిండుగా పలుకుతుంది. ఒక్క వేలు అడ్డంగా పెడితే ఇంకొకటి. దానికి రెండు వేళ్లు ఎక్కడో ఆనిస్తే, అదిగో... 'స్టార్ట్ మి అప్', 'హాంకీ టాంక్ విమెన్' ధోరణి వచ్చేస్తుంది. పాతికేళ్లప్పుడు కొత్త రుచి కోసం పట్టుకున్న పద్ధతి ఎనభై ఏళ్లప్పుడు చేతికర్ర అయింది. అందుకే ఈ పాటల్లో ఆయన ఇప్పటికీ దిట్టంగానే వినిపిస్తాడనీ, వేళ్లు చకచకా తిరగాల్సిన పాటల్లోనే తడబాటు తెలుస్తుందనీ వాళ్లు విడమరిచి చెబుతారు. పైగా కీత్, ఉడ్ ఇద్దరూ ఒకరు వదిలింది ఒకరు అందుకుంటూ పడుగూ పేకలా వాయిస్తారు. దానికి కీత్ పెట్టుకున్న పేరే 'నేత'. ఒక పోగు తెగితే ఇంకో పోగు కాస్తుంది. అయితే ఆ కాసే ఉడ్ కూడా 2017లో ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి ఆపరేషన్ చేయించుకున్నాడు. ఆ తర్వాత ఇంకో రకం క్యాన్సర్‌నీ జయించానని 2021లో చెప్పాడు.

జాగర్ విషయం వేరు. ఆయన తండ్రి వ్యాయామ ఉపాధ్యాయుడు. కొడుక్కి ఆ అలవాట్లు చిన్నప్పుడే వచ్చాయి. 2019 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లో గుండె కవాటం మార్చారు. మే నెలలో అద్దాల గదిలో గెంతుతున్న వీడియో బయటపెట్టాడు. జూన్ 21న షికాగోలో వేదికెక్కేశాడు. కవాటం మార్పిడిని ఛాతీ తెరవకుండా రక్తనాళం ద్వారా చేయడం వల్లే అంత త్వరగా కోలుకోగలిగాడు. కాలి దగ్గర్నుంచి సన్నని గొట్టం పంపించి చేసే ఆ చికిత్స ఇప్పుడు మన నగరాల ఆసుపత్రుల్లోనూ జరుగుతోంది. ఇంట్లో పెద్దవాళ్లకి కవాటం జబ్బు ఉన్నవాళ్లెవరైనా ఆ వీడియో చూసి కాసేపు ధైర్యం తెచ్చుకోవచ్చు!

టిక్కెట్టు కొనాలా?

2023 అక్టోబరులో 'హ్యాక్నీ డైమండ్స్' ఆల్బం వచ్చింది. సొంత పాటలతో అంతకుముందు ఆల్బం వచ్చింది 2005లో. పద్దెనిమిదేళ్ల విరామం! 2025లో దానికి ఉత్తమ రాక్ ఆల్బంగా గ్రామీ కూడా దక్కింది. ఆ ఆల్బం పేరుతోనే 2024 ఏప్రిల్ 28న హ్యూస్టన్‌లో టూరు మొదలుపెట్టారు. న్యూజెర్సీ, అట్లాంటా, షికాగో, సియాటెల్, శాంటాక్లారా... మనవాళ్లు ఎక్కువగా ఉండే ఊళ్లే అన్నీ. టూరుకి సొమ్ము పెట్టి తన పేరు జోడించుకున్న సంస్థ ఏదో తెలుసా? ఏఏఆర్‌పీ. యాభై దాటినవాళ్ల బాగోగులు చూసే అమెరికన్ సంఘం! ఒకప్పుడు కూతుళ్లని స్టోన్స్ కచేరీలకి పంపొద్దని తల్లిదండ్రుల్ని పత్రికలు హెచ్చరించేవి. ఇప్పుడు పింఛనుదారుల సంఘం బ్యానరు. అభిమానులు దీని మీద వేసుకున్న జోకులకి లెక్కలేదు. నవ్వుతూనే సభ్యత్వం తీసుకుని ముందుగా టిక్కెట్లు కొనుక్కున్నారు కూడా.

టిక్కెట్టు ధర దగ్గర మాత్రం ఎవరికీ నవ్వు రాదు. 2012లో యాభై ఏళ్ల పండగ కచేరీలకి పెట్టిన ధరలు చూసి బ్రిటన్‌లో గగ్గోలు పుట్టింది. ఒకప్పుడు డబ్బుల్లేని కుర్రాళ్ల కోపాన్ని పాడినవాళ్లు ఇప్పుడు డబ్బున్న పెద్దల కోసమే పాడుతున్నారన్న ఫిర్యాదు పాతదే. దానికి జవాబు కూడా పాతదే... వాళ్లు వేళ్లు తిరక్కపోయినా వాయిస్తున్నారు, నువ్వు జేబు తిరక్కపోయినా కొంటున్నావు, ఇష్టం లేకపోతే మానెయ్. ఈ జవాబు కాస్త పెడసరంగానే ఉంది. వేదికకి దూరంగా, తెర మీద బొమ్మ తప్ప ఏమీ కనిపించని చోట కూర్చోవడానికి నెల జీతంలో పెద్ద ముక్క ఇచ్చేవాడికి అడిగే హక్కు ఉండదా?

అడిగే హక్కు ఎక్కడిదాకా అన్నదే అసలు చిక్కు. కుర్చీలో కూర్చుని వాయించినా ఫర్వాలేదా? ఫిల్ కాలిన్స్ 2022 మార్చిలో 'జెనిసిస్' ఆఖరి కచేరీలు కుర్చీలో కూర్చునే పాడాడు. అంతకంటే గుండె పిండేసింది ఆజీ ఆస్‌బోర్న్. 2025 జులై 5న సొంతూరు బర్మింగ్‌హామ్‌లో, లేచి నిలబడలేక సింహాసనంలో కూర్చుని వీడ్కోలు కచేరీ చేశాడు. అదే నెల 22న కన్నుమూశాడు. అది చూసినవాళ్లలో 'కీత్‌ని ఆ స్థితిలో చూడలేం' అన్నవాళ్లున్నారు, 'పోతే అలా పోవాలి' అన్నవాళ్లూ ఉన్నారు. ఇక మనుషులే లేకుండా బొమ్మల్ని ఆడించే దారి ఒకటుంది. 2022నుంచి లండన్‌లో 'అబ్బా' బృందం యవ్వనపు బొమ్మలు అలాగే పాడుతున్నాయి. చనిపోయాక కూడా టూరు చేయొచ్చు ఈ రోజుల్లో అని జాగరే 2023లో ఓ పత్రికతో అన్నాడు. ఆ ఒక్క ఆలోచన దగ్గర మాత్రం ముదురు అభిమానులంతా ఒక్కటై 'వద్దు బాబోయ్' అంటారు. తప్పుతీగ మీటే అవకాశం లేనివాడు కీత్ ఎలా అవుతాడు?

2025 వేసవిలో యూరప్ టూరు ఉంటుందని ఆశపడ్డారు. కుదరలేదని ఆ మార్చిలోనే తేలిపోయింది. పోనీ 2026లో అనుకుంటే, నెలల తరబడి ఊళ్లు తిరగడానికి కీత్ మాట ఇవ్వలేకపోయాడనీ, అందుకే ఆ ఆలోచన విరమించుకున్నారనీ 2025 డిసెంబరులో వార్తలొచ్చాయి. కీళ్లవాతమే కారణమన్నారు. అదే నెలలో ఆయనకి ఎనభై రెండేళ్లు నిండాయి. ఆ వార్తతో వాదన ఆగిపోవాలి. ఆగలేదు. ఊరూరా తిరక్కుండా ఒకే ఊళ్లో నాలుగు రాత్రులు వాయిస్తే? వారానికి ఒక్కటే కచేరీ పెడితే? కీత్ సగం పాటలకే వస్తే? ఇలా ఆయన తరఫున వీళ్లే ఏర్పాట్లన్నీ చేసేస్తున్నారు.

2024 టూరుకి ఆఖరి కచేరీ జులై 21న జరిగింది. ముందు ప్రకటించిన జాబితాలో అది లేదు, తర్వాత కలిపారు. మిస్సోరీ రాష్ట్రంలో రిడ్జ్‌డేల్ అనే చిన్న ఊరు. కొండల మధ్య ఆరుబయలు రంగస్థలం. దగ్గర్లో పెద్ద నగరం లేదు, వెళ్లిరావడం శ్రమ. 'ఎలాగూ మళ్లీ టూరు ఉంటుందిగా, అప్పుడు చూద్దాంలే' అనుకుని టిక్కెట్టు కొననివాళ్లు బోలెడుమంది. ఆ రాత్రి అక్కడున్నవాళ్లు టిక్కెట్టు ముక్కని భద్రంగా దాచుకున్నారు.